ప్రొప్రయిటరు బిందుశ్రీ

బిందుశ్రీకి తన పేరు మీద ఓ వ్యాపారం ఉందన్న సంగతి ఐర్లండ్ వీసా వాళ్లు చెబితే గానీ గుర్తుకు రాలేదు. వాళ్లేమీ మర్యాదగా చెప్పలేదు. వీసా ఇవ్వం పొమ్మని మొదటి పేజీలో రాసి, ఎందుకివ్వరో రెండో పేజీలో రాశారు. దరఖాస్తులో గృహిణి అనీ, సొంత ఆదాయం ఏమీ లేదనీ అన్నారు. జతచేసిన బ్యాంకు కాగితాల్లో మాత్రం బిందుశ్రీ ట్రేడర్స్ అనే సంస్థకు మీరే ప్రొప్రయిటరని ఉంది. ఈ రెండింటిలో ఏది నిజమో మాకు తెలియడం లేదు. ఇదీ దాని సారాంశం.

ఆ మెయిల్ జనవరి నెలాఖరులో, పొద్దున్న ఇడ్లీలు తింటుండగా వచ్చింది. అప్పటి నుంచి బిందుశ్రీ కాలుగాలిన పిల్లిలా వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి మేడ మీదికి తిరుగుతూనే ఉంది. భర్త కృష్ణచైతన్య అక్కడ కార్క్ అనే ఊళ్లో మందుల ఫ్యాక్టరీలో యంత్రాలు చూసే ఇంజినీరు. పెళ్లై పద్నాలుగు నెలలు. అందులో ఇద్దరూ కలిసి ఒకచోట ఉన్నది ఇరవై మూడు రోజులు. తక్కిన కాపురమంతా ఫోన్లోనే. అతను అద్దెకు తీసుకున్న ఇంటి వంటగదిలో ఏ డబ్బా ఏ అరలో పెట్టాలో కూడా రాయగడలో కూర్చుని నిర్ణయించేసింది. ఇప్పుడు ఆ అరలన్నీ ఖాళీగా ఉండిపోతాయేమోనన్న భయం పట్టుకుంది.

ఇంత గొడవకీ మూలం ఆమె పేరే. తండ్రి త్రినాథరావు పార్వతీపురం నుంచి వచ్చి ఒడిశాలోని ఈ రాయగడలో స్థిరపడ్డ వ్యాపారి. మొదట తన పేరున గుణుపురంలో బియ్యం కొట్టు పెట్టాడు, మునిగింది. తర్వాత భార్య సూర్యకాంతమ్మ పేరున కల్యాణసింగ్‌పూర్‌లో ఎరువుల కొట్టు పెట్టాడు, అదీ మునిగింది. మూడోసారి పంతులుగారు పిల్ల పేరున పెట్టమన్నారు. ఇక్కడి తెలుగు వ్యాపారుల ఇళ్లల్లో ఇది వింతేమీ కాదు. ఆడపిల్ల పేరున బేరం పెడితే లక్ష్మి కదలదంటారు. బజారులో సగం బోర్డులు పెళ్లిళ్లై ఎక్కడెక్కడికో వెళ్లిపోయిన అమ్మాయిల పేర్లే. బిందుశ్రీకి పద్దెనిమిదేళ్లు నిండిన మర్నాడే ట్రేడ్ లైసెన్సు, జీఎస్టీ, బ్యాంకు ఖాతా, కాటా ముద్ర సర్టిఫికెట్టు అన్నీ ఆమె పేరున తీసుకుని చింతపండు హోల్‌సేలు మొదలుపెట్టాడు. పదేళ్లు గడిచాయి. బేరం నిలబడింది, ఇల్లు మేడైంది, అమ్మాయి పెళ్లి కూడా అందులోంచే జరిగింది. ఆ పదేళ్లలో ప్రొప్రయిటరు గారు చేసిన పనల్లా, నాన్న పెన్సిలుతో గుర్తు పెట్టిన చోటల్లా సంతకం పెట్టడం. అవేం కాగితాలో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

వీసాకి పెట్టేటప్పుడు విశాఖపట్నంలోని కన్సల్టెన్సీ వాళ్లు ఏం పని చేస్తారని అడిగితే త్రినాథరావే జవాబిచ్చాడు, ఇంట్లోనే ఉంటుందని. కథ అక్కడితో అయిపోయేదే. కానీ సూర్యకాంతమ్మ ఊరుకోలేదు. ఫైలు మరీ సన్నగా ఉందని దిగులుపడి, ఎవరికీ చెప్పకుండా బ్యాంకుకి వెళ్లి, ఆరు నెలల స్టేట్‌మెంటు ముద్ర వేయించి తెచ్చి మధ్యలో దోపింది.

"నేనేటి సేసేనమ్మి?" అంది ఇప్పుడు కళ్లొత్తుకుంటూ. "కాగితాలు బలంగా ఉంటే మర్యాదిస్తారని కదా పెట్టేను. గొప్పోళ్ల పిల్లని వాళ్లకి తెలియొద్దేటి?"

తల్లి మీద కోపం తెచ్చుకోవడానికి బిందుశ్రీ గట్టిగానే ప్రయత్నించింది గానీ కుదర్లేదు. మర్నాడు పొద్దున్నే బయల్దేరి స్టేషన్ రోడ్డులో జిరాక్స్ షాపు మేడ మీదున్న దేబాశిష్ ఆఫీసుకి వెళ్లింది. త్రినాథరావు ట్యాక్సు పనులన్నీ చూసేది అతనే. ఒడియా మనిషి. తెలుగు వ్యాపారుల మధ్య తిరిగి తిరిగి తెలుగు నేర్చుకున్నాడు, కాకపోతే పుస్తకంలోంచి చదువుతున్నట్టు మాట్లాడతాడు. ఆమెను చూడగానే లేచి నిలబడి కుర్చీ వేశాడు.

"మేడమ్, మీరు నా పాత క్లయింటు. పదేళ్లలో మీ రిటర్ను ఒక్కటి కూడా ఆలస్యం కాలేదు. మిమ్మల్ని చూడడం మాత్రం ఇదే మొదలు."

బిందుశ్రీకి నవ్వు రాలేదు. తాను సొంత వ్యాపారం చేసుకుంటున్నట్టు రుజువులు కావాలని, నెలన్నరలోగా మళ్లీ పెట్టుకోవాలని చెప్పింది. రెండోసారి కూడా కాదంటే ఇక నమ్మరని కన్సల్టెన్సీ వాళ్లు భయపెట్టారని కూడా చెప్పింది. దేబాశిష్ ఏళ్లవారీగా కట్టలు దించి బల్ల మీద పేర్చాడు.

"రుజువుకి లోటు ఏముంది? లైసెన్సు మీది, రిటర్నులు మీవి, ఖాతా మీది. స్టాఫు ఒక్కరే. మేనేజరు. నెల జీతం పద్దెనిమిది వేలు."

"మేనేజరా? ఎవరు?"

"మీ నాన్నగారు."

అప్పుడు మాత్రం ఆమెకి నవ్వొచ్చింది. బజారంతా సేటూ అని పిలిచే త్రినాథరావు, కాలు మీద కాలేసుకుని గల్లాపెట్టె ముందు కూర్చునే త్రినాథరావు, కాగితాల ప్రకారం కూతురి దగ్గర పదేళ్లుగా జీతగాడు. ఈ సంగతి ఆయనకి తెలుసా అని అడిగింది. చదివి వినిపించాననీ, విన్నారో లేదో తెలియదనీ అన్నాడు దేబాశిష్. తర్వాత కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుని, ఉండబట్టలేక అసలు మాట బయటపెట్టాడు.

"పోయినసారే ఈ పేపర్లు ఇస్తానన్నాను మేడమ్. మీ నాన్నగారు వద్దన్నారు. ఆమె విదేశంలో ఉండిపోతే వ్యాపారం వేరే పేరుకి మార్చుకోవాలండీ అని నేను అన్నాను. ఆ రోజు ఆయన టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు."

మెట్లు దిగుతుంటే బిందుశ్రీకి కోపం ముంచుకొచ్చింది. పద్నాలుగు నెలలు తాను రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే, నాన్న తన పేరు లెక్క చూసుకున్నాడన్నమాట. ఆటో కూడా ఎక్కలేదు, నడిచే షాపుకి వెళ్లింది.

షాపంటే ముందు గది, వెనక గోదాము. ముందు గదిలో ఎత్తుగా చెక్క బల్ల, దాని మీద తెల్లగుడ్డ పరిచిన పరుపు, పరుపు మీద గల్లాపెట్టె. దాన్నే గద్దె అంటారు. త్రినాథరావు స్నానానికీ, భోజనానికీ, నిద్రకీ తప్ప ఆ గద్దె దిగడు. ఎదురుగా కుర్చీలో పెద్దబ్బాయి అని ఎదుటి షాపాయన కూర్చుని ఉన్నాడు. ఆయనా హోల్‌సేలు వ్యాపారే. రోజూ ఈ వేళకి వచ్చి, ఒక టీ తాగి, రెండు మాటలు పుల్లవిరిచినట్టు అని వెళ్లడం ఆయనకి అలవాటు. ఆయన ఉన్నాడని కూడా చూడకుండా బిందుశ్రీ అడిగేసింది, పోయినసారి కాగితాలెందుకు దాచావని.

త్రినాథరావు నీళ్లు నమల్లేదు. "నిన్ను ఎల్లొద్దన్నానేటి?" అన్నాడు. "ఎల్లు. నీ మొగుడి దగ్గరికి నువ్వు కాక ఎవరెల్తారు? పేరు మాత్రం ఇక్కడ ఉండనీ అన్నాను. రెండుసార్లు మునిగినోణ్ణి అమ్మి నేను. నీ పేరు పెట్టేక తేలేను. ఆ పేరు తీసీమంటే నా సెయ్యాడదు."

"పేరు ఇక్కడ వదిలేసి నేనొక్కదాన్నీ ఎలాగెల్తాను నాన్నా? పాస్‌పోర్టులో ఉన్నదీ అదే పేరు కదా."

పెద్దబ్బాయి పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుకి త్రినాథరావు చిన్నబోయి, వెంటనే తేరుకుని, ఇదంతా ఎంతసేపటి పనని తేల్చేశాడు. "రుజువే కదా కావాలి? రా, కూకో. నాలుగు ఫొటోలు తీయించీద్దాం. వాళ్లేటి సూడొచ్చేరేటి?"

ఫొటోల తంతు గంటన్నర సాగింది. బిందుశ్రీని గద్దె మీద కూర్చోబెట్టారు, చేతికి పెన్ను ఇచ్చారు, పక్కన కాటా పెట్టారు. త్రినాథరావు గద్దె దిగుతానన్నాడు గానీ దిగలేదు. ఓ మూలకి జరిగి కూర్చుని, తాను ఫొటోలో పడటం లేదు కదా అని పదేపదే అడిగాడు. తీరా ఫొటోలు విశాఖపట్నం పంపిస్తే కన్సల్టెన్సీ అమ్మాయి ఫోన్ చేసి, గల్లాపెట్టె మీద ఆ చెయ్యి ఎవరిదండీ అని అడిగింది. ఏడు ఫొటోల్లోనూ ఉంది ఆ చెయ్యి.

ఆ అమ్మాయి అంతటితో వదల్లేదు. వీసా వాళ్లు ఒక్కోసారి చెప్పకుండా ఫోన్ చేసి ప్రశ్నలు వేస్తారని, ఒకసారి చూసుకుందామని వరసగా అడిగింది. సరుకు ఎక్కడ కొంటారు? ఎవరికి అమ్ముతారు? గింజ తీసిన చింతపండుకీ తీయనిదానికీ ధరలో తేడా ఎంత? పాతదీ కొత్తదీ ఎలా గుర్తుపడతారు? ఒక్కదానికీ బిందుశ్రీ జవాబు చెప్పలేకపోయింది. పదేళ్లుగా చింతపండు డబ్బుతో అన్నం తిని, చింతపండు గురించి పులుసు పెట్టుకోవడం తప్ప ఏమీ తెలియదని ఆ ఫోన్లో తేలిపోయింది. అంత సిగ్గు ఆమెకి ఎప్పుడూ వెయ్యలేదు. ఫోన్ పెట్టేసి తల్లితో ఒకే మాట అంది, అబద్ధం చెప్పడం తన వల్ల కాదని, అందుకని నిజంగానే వ్యాపారం చేస్తానని.

ఆ వారమే, తమ సరుకు కొనే టికిరి సంతకి వెళ్లింది. తండ్రికి చెప్పలేదు. బస్సు దిగేసరికి సంత నిండుగా ఉంది. పైన కొండూళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లు గంపల్లో చింతపండు దించుకుని వరసగా కూర్చున్నారు. వాళ్ల మధ్య ముక్కాలిపీట వేసుకుని, కొండవాళ్ల దేసియా భాషలో బేరమాడుతూ, తెలుగులో తిట్టుకుంటూ ఒక పెద్దావిడ కనిపించింది. ఆవిడే బాలామణి. త్రినాథరావు తరఫున సంతలో సరుకు కొని లారీకెక్కించేది ఆవిడే. పక్కన పేర్చిన బస్తాల మీద నల్లరంగుతో 'బిందుశ్రీ' అని అచ్చు గుద్ది ఉంది. తన పేరు అన్నిసార్లు ఒకేచోట చూసి బిందుశ్రీ ఒకదాన్ని వేలితో తడిమింది. తానెవరో చెప్పింది.

బాలామణి చేతిలో తక్కెడ కింద పెట్టి కిందనుంచి పైదాకా చూసింది. "ఓలమ్మో, నువ్వు బతికే ఉన్నావేటమ్మి?"

"అదేం మాటమ్మా?"

"కోప్పడకు. బస్తా మీద పేరంటే దేవుడిదన్నా అవుతాది, పోయినోళ్లదన్నా అవుతాది. బిందుశ్రీ అంటే సేటుకి పోయిన పిల్లేమో, పాపం, దాని పేరు నిలబెట్టుకున్నాడు అనుకున్నాను. పదేళ్ల నుంచీ బోణీ ముందు నీకు దండం పెట్టుకుంతన్నాను కూడాను."

బిందుశ్రీ నవ్వింది. నవ్వుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎందుకో తెలియక, పొద్దున్నుంచి ఏమీ తినలేదని చెప్పింది. బాలామణి అటుకుల పొట్లం విప్పి చేతిలో పెట్టింది. తినడం అయ్యాక పక్కన పీట వేసి కూర్చోబెట్టుకుని, చెయ్యి చాపమంది. రెండు గంపల్లోంచి రెండు పిడికిళ్ల చింతపండు తీసి ఒకటి తర్వాత ఒకటి పెట్టింది.

"నొక్కు. గట్టిగా నొక్కి వదిలీ. ఏటి తెలిసింది?"

మొదటిది వదలగానే కొంచెం విచ్చుకుంది. రెండోది ముద్దలాగే ఉండిపోయింది, అరచేయి చల్లగా అయింది.

"రెండోదాన్లో నీరు సల్లేడు, తూకం రావాలని. అదిగో, ఆ మోటారుసైకిలు దలారీ ఇంటింటికీ తిరిగి కొని, తడిపి తెచ్చి మనకి అంటగడతాడు. ఈ గంపలోళ్లు అలాటి పని సెయ్యరు. కళ్లతో సూసేవనుకో, రెండూ ఒక్కలాగే ఉంతాయి. సెయ్యే సెప్పాలి."

సాయంత్రం దాకా బిందుశ్రీ నొక్కుతూనే ఉంది. అరచేతులు పులిసి, గోళ్లలో పీచు ఇరుక్కుని, వేళ్లు మండాయి. ఆఖరి బస్సులో తిరిగొస్తూ, ఇక్కడో నాలుగు వారాలు తిరిగితే ఎవరే ప్రశ్న వేసినా చెప్పగలనన్న ధైర్యం కలిగింది. ఆ వెంటనే, ఇంకా నాలుగు వారాలా అని దిగులు వేసింది. ఆమె మనసు ఆ రోజుల్లో అలాగే ఉండేది, ఒకచోట నిలిచేది కాదు. సంతలో ఉంటే కార్క్ గుర్తొచ్చేది, కార్క్‌తో మాట్లాడుతుంటే లారీ వచ్చిందో లేదోనని గుబులు పుట్టేది.

ఫిబ్రవరి అంతా షాపుకి వెళ్లింది. గద్దె జోలికి పోలేదు, కాటా దగ్గర స్టూలు వేసుకుంది. బస్తా విప్పించి, నొక్కి చూసి, తడిది పక్కన పెట్టించేది. త్రినాథరావుకి ఇది ముళ్ల మీద కూర్చున్నట్టుండేది. కూతురు కాటా దగ్గర కూర్చుంటే బజారులో ఏమనుకుంటారోనని గొణిగేవాడు. పెద్దబ్బాయి టీ తాగుతూ, "ఏటి సేటూ, ఓనరొచ్చి తనిఖీ సేస్తందేటి?" అని అంటించి పోయేవాడు. ఒకరోజు త్రినాథరావు భోజనానికి వెళ్లినప్పుడు విజయనగరం పచ్చళ్ల కంపెనీ వాళ్లు సరుకు కోసం ఫోన్ చేశారు. ఉన్నదాంట్లో సగం తడిసిన సరుకని, వారం ఆగితే మంచిది పంపుతానని బిందుశ్రీ చెప్పేసింది. తిరిగొచ్చి ఆ మాట విన్న త్రినాథరావు తల పట్టుకున్నాడు.

"ఇంట్లో ఉన్న లక్ష్మిని ఎల్లగొట్టీసేవు! తడిదుంటే కలిపి పంపీయాలి గాని, ఫోన్లో సెప్తారేటమ్మి ఎవరైనా?"

"పోయిన ఏడాది రెండు లారీలు వెనక్కొచ్చేయట. కలిపి పంపబట్టే. బాలామణి సెప్పింది."

"నీ పేరు బలం వల్ల తట్టుకున్నాం."

బిందుశ్రీ స్టూలు మీంచి లేచింది. "నా పేరుకి బలముందని పదేళ్లు నమ్మేవు. నాకూ ఓ బుర్రుందని ఒక్కరోజైనా నమ్మేవా నాన్నా?"

ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుని గల్లాపెట్టె తాళం ఒకటికి రెండుసార్లు వేసి చూసుకున్నాడు. వారం తర్వాత విజయనగరం వాళ్లు అదే ధరకి మంచి సరుకు తీసుకుని, వచ్చే నెలకి కూడా చెప్పి పెట్టారు.

ఫోన్లో కృష్ణచైతన్య మొదట్లో మురిశాడు. రాను రాను అతని గొంతులో తేడా వచ్చింది. "నువ్వీమధ్య చింతపండు తప్ప ఇంకో మాట మాట్లాడటం లేదు," అన్నాడు ఒక ఆదివారం. సరదాగానే అన్నాడు. కాసేపాగి, "నిజం చెప్పు బిందూ, నీకు రావాలనే ఉందా?" అన్నాడు.

ఆ ప్రశ్నకి ఆమె భోరుమంది. రావాలని ఉంది. అతని పక్కన కూర్చుని అన్నం తినాలని ఉంది. రోజూ ఉంది. కానీ రావడానికి ఏది చెయ్యాలో అది చేస్తూ ఉంటే, అది తనకి నచ్చేస్తోంది. అందులో తన తప్పేముంది? ఇదంతా ఏడుస్తూనే చెప్పింది. అతను చాలాసేపు విని, ఆ ఊళ్లో కూడా మన సరుకులమ్మే కొట్లున్నాయని, ఒకదాంట్లో చింతపండు కొని చూశానని, నొక్కితే రాయిలా ఉందని చెప్పాడు. ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది ఆమెకి.

మార్చి మొదటి వారానికి ఫైలు తయారైంది. దేబాశిష్ పదేళ్ల కాగితాలూ జతచేసి, ఇన్నేళ్లూ యజమాని పేరున కుటుంబం నడిపిందని, ఇప్పుడు ఆమె స్వయంగా చూస్తోందని ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టాడు. పాత దరఖాస్తులో గృహిణి అని ఎందుకు రాశారో బిందుశ్రీ తానే ఒక పేజీ రాసింది. ఇక మిగిలింది ఒక్కటే కాగితం. షాపు ఉద్యోగి ఇచ్చే ఉత్తరం. త్రినాథరావు అనే నేను, బిందుశ్రీ గారి వద్ద మేనేజరుగా నెల జీతం మీద పనిచేయుచున్నాను. దాని కింద సంతకం కావాలి.

త్రినాథరావు ఆ కాగితం పూర్తిగా చదివాడు. జీవితంలో మొదటిసారి ఒక కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివాడు. చదివి బల్ల మీదకి విసిరేశాడు.

"గుణుపురంలో కొట్టు మునిగినప్పుడు కూడా ఒకడి కింద పని సెయ్యలేదు నేను. అప్పులోళ్లొచ్చి వాకిట్లో కూకున్నా ఒకడి దగ్గర జీతానికి ఎల్లలేదు. ఇప్పుడు కన్నకూతురి దగ్గర గుమస్తానని రాసిమ్మంతావేటి?"

"పదేళ్ల నుంచీ రాసే ఉంది నాన్నా. నువ్వే రాయించుకున్నావు."

"ట్యాక్సోళ్లకి రాసింది వేరు, నలుగురికీ సెప్పుకోడం వేరు."

"చింత చచ్చినా పులుపు చావలేదు మీ నాన్నకి," అని వంటింట్లోంచి సూర్యకాంతమ్మ గొణిగింది. బతిమాలారు, అలిగారు, తల్లీకూతుళ్లు ఒకపూట అన్నం మానేశారు. ఆయన సంతకం పెట్టలేదు. ఆ ఒక్క కాగితం లేకుండానే ఫైలు వెళ్లింది. కన్సల్టెన్సీ అమ్మాయి తీసుకుంది గానీ ఒక మాట చెప్పింది. స్టాఫు పేరు, షాపు నంబరు రిటర్నుల్లో ఉన్నాయి, అనుమానమొస్తే వాళ్లు నేరుగా అక్కడికే ఫోన్ చేస్తారు. ఎత్తినాయన షాపు నాదే అన్నాడంటే ఇక మేమేమీ చెయ్యలేం.

షాపు ఫోన్ గద్దె మీదే ఉంటుంది, ఆయన మోకాలి పక్కన. అది మోగినప్పుడల్లా బిందుశ్రీ కాటా వదిలి అటు తిరిగేది. నాన్నకి అన్నీ విడమరిచి చెప్పింది, ఇలా అడుగుతారు, ఇలా చెప్పు అని. ఆయన విన్నాడో లేదో కూడా తెలియనివ్వలేదు. ఆ నెలంతా ఆమె షాపు వదిలి సంతకి కూడా వెళ్లలేకపోయింది. వెళ్లినా, తాను లేనప్పుడు ఆ ఫోనొచ్చిందేమోనని మధ్యలోనే తిరిగొచ్చేది. రాత్రిళ్లు నిద్ర లేదు, పగలు ఆకలి లేదు. ఉగాది పచ్చడిలోకి తన చేత్తో తెచ్చిన కొత్త చింతపండు కూడా ఎలా ఉందో తెలియలేదు.

ఏప్రిల్ రెండో వారంలో ఒక మధ్యాహ్నం ఆ ఫోన్ వచ్చింది. షాపులో విజయనగరం లారీకి తూకం జరుగుతోంది. పెద్దబ్బాయి టీ గ్లాసుతో కుర్చీలో ఉన్నాడు. త్రినాథరావు ఫోనెత్తి అలవాటుగా హలో అని, అంతలో నిటారుగా కూర్చున్నాడు. అటువైపు ఎవరో ఆడమనిషి ఢిల్లీ నుంచి హిందీలో మాట్లాడుతోంది. స్పీకరు ఆన్ అయ్యే ఉంది. వీసా దరఖాస్తు గురించి అని వినపడగానే బిందుశ్రీ చేతిలో బస్తా కొస అలాగే ఉండిపోయింది.

ఈ దుకాణానికి మాలిక్ ఎవరు, అని అడిగిందావిడ.

త్రినాథరావు ఎదురుగా పెద్దబ్బాయి. పెద్దబ్బాయి టీ గ్లాసు కింద పెట్టేశాడు, ఈ జవాబు వినడానికే వచ్చినట్టు. కూలీలు కూడా మాటలాపారు. త్రినాథరావు కూతురి వైపు చూశాడు. ఎండకి నల్లబడి, చేతులకి పులుపు పట్టి, జుట్టు ముడేసుకుని కాటా పక్కన నిలబడి ఉంది.

"మాలిక్ మేరీ బేటీ హై మేడమ్," అన్నాడు చివరికి. "మై ఇధర్ నౌకరీ కర్తా." ఓనరు నా కూతురు, నేనిక్కడ ఉద్యోగం చేస్తున్నాను.

ఎన్నేళ్ల నుంచి, అని అడిగిందావిడ.

"దస్ సాల్ సే," అన్నాడు. ఆ మాటంటూ గద్దె దిగి నిలబడి, ఫోను రెండు చేతులతో కూతురికి అందించాడు.

బిందుశ్రీ గద్దె మీద కూర్చున్న సంగతి ఆమెకే తెలియలేదు. పన్నెండు నిమిషాలు ఆవిడ అడిగింది, ఈమె చెప్పింది. టికిరి సంత గురించి చెప్పింది, తడి సరుకు ఎలా పట్టుకోవాలో చెప్పింది, గింజ తీసినదానికీ తీయనిదానికీ ధర తేడా చెప్పింది. పదేళ్లూ నువ్వే నడిపావా అంటే లేదంది. మా నాన్న నడిపాడు, నేను రెండు నెలల నుంచే చేస్తున్నాను, మొదటిసారి ఆ సంగతి రాయకపోవడం మా తప్పంది. అటువైపు కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది. మీ మేనేజరుకి మళ్లీ ఇవ్వండి, అందావిడ.

త్రినాథరావు నిలబడే ఫోన్ అందుకున్నాడు. ఆమె వెళ్లిపోతే ఈ వ్యాపారం ఏమవుతుంది, అన్నది ప్రశ్న.

ఆ ప్రశ్నకే ఆయన పదేళ్లుగా భయపడుతున్నాడు. ఆ ప్రశ్న రాకూడదనే కాగితాలు దాచాడు, ఫొటోల్లో చెయ్యి తియ్యలేదు, ఉత్తరం మీద సంతకం పెట్టలేదు. ఇప్పుడది ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి నోట వచ్చేసింది. ఆయన ఒకసారి గల్లాపెట్టె వైపు చూశాడు.

"నామ్ బదల్ దేంగే మేడమ్. కుఛ్ నహీ హోగా. వో జాయేగీ." పేరు మారుస్తాం. ఏమీ అవదు. ఆమె వెళ్తుంది.

ముద్ర పడిన పాస్‌పోర్టు ఇంటికొచ్చింది మే నెలలో. కానీ బిందుశ్రీకి సంబంధించినంత వరకు వీసా ఆ మధ్యాహ్నమే వచ్చింది. ఫోన్ పెట్టేశాక పెద్దబ్బాయి సగం టీ వదిలేసి వెళ్లిపోయాడు. త్రినాథరావు గద్దె ఎక్కలేదు. బస్తా మీద కూలబడ్డాడు. బిందుశ్రీ వచ్చి పక్కన కూర్చుంది.

"నిజంగా ఏమీ అవదంటావా నాన్నా?"

"నాకేటి తెలుసమ్మి," అన్నాడాయన. "భయంగానే ఉంది. నువ్వెల్లు."